మీ ఊళ్లో నిరాశ్రయులకు నీడ: ఆలుమగలు కలిసి వసతి కేంద్రం పెట్టాలంటే

ముందు బిల్డింగ్ వెతకకండి. రాత్రి పది దాటాక మీరిద్దరూ ఊళ్లోకి వెళ్లండి. రైల్వేస్టేషన్ బయటి మెట్లు, బస్టాండు చివరి ప్లాట్‌ఫారం, పెద్దాసుపత్రి వరండా, గుడి ముందు మండపం, ఫ్లైఓవర్ కింద, షట్టర్ దించేసిన కొట్ల అరుగులు చూడండి. కొన్ని వారాలపాటు ఇదే పని చెయ్యండి. దుప్పట్లు పంచడానికి, ఫొటోలు తీయడానికి వెళ్లొద్దు. ఒక ఫ్లాస్కులో టీ, కొన్ని బిస్కెట్ ప్యాకెట్లు చాలు. పక్కన కూర్చుని "పెద్దాయనా, భోంచేశారా?" అని అడగండి. ఎంత చిరిగిన బట్టల్లో ఉన్నా "మీరు" అనే పిలవండి. పేరు, ఊరు మొదటిరోజే అడిగితే పోలీసులో, మున్సిపాలిటీవాళ్లో పంపారనుకుని మర్నాడు చోటు మార్చేస్తారు.

ఆ రాత్రుల్లో మీకు అర్థమయ్యే మొదటి సంగతి, నిరాశ్రయులంటే ఒకే రకం మనుషులు కారని. అడ్డా మీద కూలికెళ్లే మనిషి గది అద్దె మిగిల్చి ఇంటికి పంపడానికి అరుగు మీద పడుకుంటాడు. ఆసుపత్రి వరండాలో ఉన్నావిడ లోపల మంచం మీదున్న భర్తకు తోడొచ్చింది. కొడుకులు వంతులేసుకుని చివరికి ఎవరూ పెట్టుకోని ముసలమ్మ ఉంటుంది. దెబ్బలు భరించలేక బయటికొచ్చిన ఇల్లాలు ఉంటుంది. ఎవరూ ఇల్లు అద్దెకివ్వని ట్రాన్స్‌జెండర్లు ఉంటారు. తనలో తాను మాట్లాడుకుంటూ ఎండలో నడిచే మనిషి ఉంటాడు. వీళ్లందరికీ కావాల్సింది ఒకటి కాదు. కూలీకి రాత్రి పడక, తాళం ఉన్న పెట్టె చాలు. ముసలమ్మకి పగలు కూడా మనిషి కావాలి. మతి చెదిరినవాళ్లకి ముందు వైద్యం కావాలి. మీ కేంద్రం ఎవరికోసమో ఈ దశలోనే తేల్చుకోండి. అందరినీ ఒకే హాల్లో పెడితే ముందుగా ఆడవాళ్లు వెళ్లిపోతారు, ఆ తర్వాత ముసలివాళ్లు.

పిలిస్తే రానివాళ్లను ఎందుకు రారో అడగండి. మూట పోతుందనే భయం, మొగుడూపెళ్లాలను విడదీస్తారనే భయం, తాగితే గెంటేస్తారని, తెల్లారుజామున పనికి పోనివ్వరని, ఒకసారి వెళ్తే మళ్లీ బయటికి పంపరని. ఈ జవాబుల్ని ఒక నోటుబుక్కులో రాసుకోండి. కేంద్రం నియమాలు పుట్టాల్సింది ఆ పుస్తకంలోంచే.

ఊళ్లో ఇప్పటికే ఏముందో కనుక్కోండి

2011 జనగణన లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు సుమారు 17.7 లక్షల మంది. అందులో సగానికి పైగా, 9.38 లక్షల మంది, పట్టణాల్లోనే ఉన్నారు. 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, పగలూ రాత్రీ తెరిచి ఉండే వసతి కేంద్రాలు పెట్టమంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటుండాలని, ఒక్కో మనిషికి 50 చదరపు అడుగులివ్వాలని నిబంధన పెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూసింది. పథకాల పేర్లు మారుతుంటాయి కాబట్టి మున్సిపల్ ఆఫీసులో మెప్మా విభాగానికెళ్లి "పట్టణ నిరాశ్రయుల వసతి కేంద్రం మన ఊళ్లో ఉందా, ఎవరు నడుపుతున్నారు?" అని అడగండి. ఆ వీధులు తెలిసిన కమ్యూనిటీ ఆర్గనైజర్లు, రిసోర్స్ పర్సన్లు అక్కడే దొరుకుతారు. వాళ్లతో స్నేహం మీకు మున్ముందు ఎంతో పనికొస్తుంది.

కేంద్రం ఉంటే రాత్రిపూట వెళ్లి చూడండి. సగం ఖాళీగా ఉంటే కారణం వెతకండి. ఊరి చివర కట్టారేమో, దొడ్లో నీళ్లు రావేమో, గేటు తొమ్మిదింటికే మూస్తారేమో. అలాంటిచోట కొత్తది పెట్టడం కన్నా, ఉన్న భవనాన్ని మున్సిపాలిటీతో ఒప్పందం రాసుకుని మీరు నడపడమే మేలని నా గట్టి అభిప్రాయం. అద్దె బాధ తప్పుతుంది, మీ డబ్బంతా మనుషుల మీదకి వెళ్తుంది. కాకపోతే ప్రభుత్వ బిల్లు వచ్చేదాకా జీతాలు, బియ్యం ఆగకుండా ఉండాలి కాబట్టి ఆర్నెల్ల ఖర్చు చేతిలో పెట్టుకునే సంతకం చెయ్యండి.

సంస్థ, డబ్బు

ఇద్దరే కలిసి ట్రస్టు రాయించుకోవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని త్వరగా అయిపోతుంది. సొసైటీ అయితే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ట్రస్టే అనుకున్నా, మీ బంధువులు కాని ఇద్దరు ముగ్గురిని ట్రస్టీలుగా తీసుకోండి. ఒక డాక్టరు, ఒక లాయరు, లెక్కలు తెలిసిన రిటైర్డ్ టీచరు ఉంటే చాలు. మీ ఇద్దరికీ మాట పట్టింపు వచ్చిన రోజున "ఇది తప్పు" అని చెప్పగల మూడో మనిషి ఉండాలి. భార్యాభర్తలే అన్ని సంతకాలూ చేసే సంస్థను దాతలు కూడా నమ్మరు, నమ్మకూడదు కూడా.

సంస్థ పేరిట పాన్, బ్యాంకు ఖాతా తీసుకున్నాక సంస్థకీ, దాతలకీ పన్ను మినహాయింపు వచ్చేలా ఆదాయపు పన్ను శాఖలో నమోదు చేయించుకోండి (1961 చట్టంలో ఇవే 12ఏ, 80జీ), స్వచ్ఛంద సంస్థల జాబితా ఉండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరు ఎక్కించండి. దాతకు ఆ మినహాయింపు రావాలంటే నగదు రెండు వేలకు మించకూడదు. ఎవరైనా నోట్లకట్ట తెచ్చిస్తే నమస్కారం పెట్టి ఖాతాలో వెయ్యమనండి. మీ ఇంటి ఖర్చు, కేంద్రం ఖర్చు ఒక్క రోజు కూడా కలవకూడదు. ఇంట్లోకి గ్యాసు సిలిండరు కావాలని కేంద్రంలోది మోసుకెళ్తే, రేపు వంటమనిషి నూనె ప్యాకెట్ పట్టుకెళ్తున్నప్పుడు మీరు అడగలేరు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు చాలా ప్రేమగా డబ్బు పంపుతామంటారు. ఇక్కడ జాగ్రత్త. అమెరికాలో ఉన్న మీ తమ్ముడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అతను అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు కావాలి. ఆ నమోదుకు సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో సేవల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. ఈలోగా ఎవరూ తెలియక పంపకుండా, ప్రతి దాతనూ పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. మొహమాటపడితే సంస్థే చిక్కుల్లో పడుతుంది.

ఇల్లు

ఊరి చివర తక్కువ అద్దెకు దొరికే తోట ఇల్లు తీసుకోవద్దు. స్టేషన్‌కో, అడ్డాకో, ఆసుపత్రికో నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగుల లెక్కన ముప్పైమందికి పడకలకే 1500 చదరపు అడుగులు పోతుంది. వంటిల్లు, స్నానాల గదులు, జబ్బుపడినవాళ్లకి వేరే గది దానికి అదనం. పదిమందికి ఒక మరుగుదొడ్డికి తగ్గకుండా చూడండి. అందులో కొన్నింటికి కమోడ్, పట్టుకోడానికి గోడకి ఇనుప కడ్డీ పెట్టించండి. మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లు దొడ్డికి భయపడి తిండే మానేస్తారు, అది చూసి మనం జబ్బనుకుంటాం. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం పట్టుకుంటే ముప్పైమందికి నాలుగు వేల లీటర్లు కావాలి. ఇల్లు చూసేటప్పుడు బోరు, సంపు, ట్యాంకు చూశాకే గదులు చూడండి.

మంచాలు ఇనుపవి కొనండి, చెక్కవాటిలో నల్లులు చేరితే వదలవు. పరుపులకు రెక్సిన్ కవరు వేయించండి. ప్రతి మంచానికీ తాళం వేసుకునే పెట్టె ఉండాలి, తాళంచెవి ఆ మనిషి దగ్గరే ఉండాలి. నన్నడిగితే టీవీ, ఫ్రిజ్ కన్నా ముందు కొనాల్సింది ఇదే.

యజమానికి ఎవరిని పెట్టబోతున్నారో దాచకుండా చెప్పి, అగ్రిమెంటులో రాయించండి. లీజు రిజిస్టర్ చేయించాలి. చేయిస్తే పొరుగువాళ్లు ఒత్తిడి తెచ్చినా రాత్రికి రాత్రి ఖాళీ చెయ్యమనలేరు. పొరుగువాళ్లను కూడా ముందే కలవండి. మీరిద్దరూ కలిసి ఇంటింటికీ వెళ్లి, గొడవైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరిచ్చి రండి. వార్డు కార్పొరేటర్‌కీ, స్టేషన్ ఎస్సైకీ మొదటి మనిషి రాకముందే కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తలుపుల విషయంలో ఒక్కటే నియమం: మనుషులు లోపలుండగా బయటినుంచి తాళం పడకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 25 మందికి పైగా కదలలేక కాలిపోయారు. "పారిపోతారు సార్, అందుకే గొళ్లెం" అని మీ కేర్‌టేకర్ అన్న రోజున ఆ సంగతి చెప్పండి. రావడం ఎంత సులువో వెళ్లడం అంత సులువుగా ఉండాలి. వెళ్లినవాళ్లు తిరిగి రావడానికి కూడా కారణం అదే అవుతుంది.

మొదటి మనిషి వచ్చిన రాత్రి

పది పడకలతో మొదలుపెట్టండి. ప్రారంభోత్సవం, రిబ్బను, మంత్రిగారు ఇవేవీ ఇప్పుడొద్దు. రాగానే నీళ్లు, తర్వాత తిండి. చాలా రోజులుగా తినక ఎముకలు తేలిన మనిషికి ఒక్కసారి కడుపునిండా పెట్టడం ప్రాణం మీదకి తెస్తుంది. కొంచెం జావ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్నానం, జుట్టు కత్తిరించడం, బట్టలు మార్చడం అడిగి చెయ్యండి. వద్దంటే రేపు అడగండి. మాసిన మూటను చెత్తబుట్టలో వెయ్యకండి. అందులో కొడుకు ఫొటో ఉండొచ్చు, రేషన్ కార్డు ముక్క ఉండొచ్చు. పేరు రాసి కట్టి దాచండి.

పుండ్లు, కాళ్ల వాపులు చూడండి. రెండు వారాలకు మించి దగ్గుంటే ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష చేయించండి. పరీక్ష, మందులు రెండూ ఉచితమే. ఫలితం వచ్చేదాకా వేరే గదిలో పడుకోబెట్టండి. గజ్జి కనబడితే ఒక్కరికి మందు రాసి లాభం లేదు, గదిలో అందరికీ ఒకేరోజు రాయించి, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికించాలి.

తాగి వచ్చినవాళ్లను గేటు బయట పెట్టకండి, గొడవ చేస్తేనే ఆపండి. లోపల తాగకూడదు, అంతే. రోజూ తాగే మనిషి ఒక్కసారి మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు రావొచ్చు. "మారిపోయాడు" అని సంతోషపడే ముందు డాక్టరుకు చూపించండి.

రిజిస్టరులో పేరు, వయసు, వచ్చిన తేదీ, ఎక్కడినుంచి, శరీరం మీద గుర్తులు, ఎవరికి కబురు చెయ్యాలి, చనిపోతే ఏ పద్ధతిలో అంత్యక్రియలు కోరుకుంటారు అన్నవి రాయండి. చివరి ప్రశ్న అడగడం కష్టం. కొంత చనువు వచ్చాక అడగండి, కానీ అడగడం మానొద్దు.

మీరు ఉంచుకోకూడనివాళ్లు, మీరొక్కరే మొయ్యలేనివాళ్లు

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు ఒంటరిగా దొరికితే ఎంత జాలేసినా మీ దగ్గర ఉంచుకోకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, ఇరవైనాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి చేరాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు లేకుండా పిల్లల్ని ఉంచుకోవడం నేరం. తల్లితో వచ్చిన బిడ్డ సంగతి వేరు. ఆ తల్లిని, బిడ్డను విడదీయకుండా ఆడవాళ్ల విభాగంలో ఉంచాలి. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చినావిడకు 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రం ఉన్నాయి. పిల్లలు వదిలేసిన వృద్ధులకు 14567 హెల్ప్‌లైన్, తల్లిదండ్రుల పోషణకున్న 2007 చట్టం కింద ఆర్డీఓ దగ్గర పిటిషన్ ఉన్నాయి. పిటిషన్ వెయ్యడానికి చాలామంది తల్లులు ఒప్పుకోరు. "నా కొడుకు మీద కేసా?" అంటారు. బలవంతపెట్టకండి. ఆమెకు రావాల్సిన పింఛను కాగితాల పని చూడండి.

మతి స్థిమితం లేకుండా తిరిగేవాళ్ల విషయంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ పోలీసులకే బాధ్యత పెట్టింది. స్టేషన్ అధికారి వాళ్లను రక్షణలోకి తీసుకుని, ఇరవైనాలుగు గంటలు దాటకుండా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. చాలా స్టేషన్లలో ఈ సెక్షన్ మీరే చదివి వినిపించాల్సి వస్తుంది. నెమ్మదిగా, పదేపదే వినిపించండి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లో చూపించాక మందులతో తిరిగి మీ దగ్గరికే వస్తారు. ఫోన్లో సలహాకి 14416 ఉంది. ఇలాంటివాళ్లను ఉంచి చికిత్స చేయించే కేంద్రంగా నడపాలనుకుంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు తప్పనిసరి. ఆ దారిలో నడిచిన దంపతులు ఉన్నారు. ముంబైలో డాక్టర్ భరత్ వత్వానీ, డాక్టర్ స్మితా వత్వానీ 1988లో శ్రద్ధ సంస్థ పెట్టారు. వాళ్లను కదిలించిన తొలి మనుషుల్లో, రోడ్డు పక్కన మురుగునీళ్లు తాగుతూ కనిపించిన ఒక యువకుడున్నాడు. వైద్యం చేశాక తెలిసింది, అతను డిగ్రీ చదివిన ఆంధ్రా కుర్రాడని. 2018లో భరత్ వత్వానీకి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2000లో అప్నా ఘర్ మొదలుపెట్టింది కూడా భార్యాభర్తలే. వీలైతే ఇలాంటి చోట కొన్నాళ్లు ఉండి పని నేర్చుకుని రండి.

తిండి, దాతలు

మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం లెక్కన ముప్పైమందికి నెలకు మూడున్నర క్వింటాళ్లు దాటుతుంది. పుట్టినరోజు, పెళ్లిరోజు భోజనాలు పెట్టేవాళ్లు చాలామందే వస్తారు, కాకపోతే అందరూ ఆదివారం మధ్యాహ్నమే వస్తారు. క్యాలెండరు గోడకు తగిలించి "మంగళవారం రాత్రి ఖాళీగా ఉందమ్మా" అని చూపించండి. తిండి కన్నా అవసరమైనవి అడగండి: కందిపప్పు, సబ్బులు, పెద్దవాళ్ల డైపర్లు, బీపీ మందులు, కరెంటు బిల్లు. ఫంక్షన్ హాల్లో మిగిలింది తెస్తామంటే ఎప్పుడు వండారో అడగండి. వండి రెండు గంటలకు మించి బయట ఉన్న అన్నం, పప్పు, పెరుగు తీసుకోకండి.

కంచం పట్టుకున్న ముసలివాళ్లను వరసగా నిలబెట్టి దాత ఫొటో తీయించుకోవడాన్ని మొదటిరోజు నుంచే ఆపండి. ఎంత పెద్ద దాతైనా సరే. ఆ ముఖం ఫోన్లలో తిరిగి వాళ్ల ఊరు చేరితే, ఆ మనిషి ఇక ఏ ముఖంతో ఇంటికి వెళ్తాడు? దాతలకు వంటింటి ఫొటో పంపండి, లెక్కల కాగితం పంపండి.

కాగితాలు, ఇంటిదారి

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. పడక, తిండి ఇచ్చి ఆగిపోతే మీ మంచాలు ఏడాదిలో నిండిపోతాయి, ఆ తర్వాత అరుగు మీద మనిషికి చెప్పడానికి మీ దగ్గర "ఖాళీ లేదు" తప్ప మాట ఉండదు. అందుకే ప్రతి మనిషికీ వచ్చిన వారంలోనే ఒక ఫైలు తెరవండి.

ముందు ఆధార్. గుర్తింపు పొందిన వసతి గృహం అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని చిరునామాకి అంగీకరిస్తారు. కొత్తగా నమోదు చేస్తుంటే వేలిముద్రలు ఇప్పటికే ఉన్నాయని తిరస్కరణ వస్తే నిరాశపడకండి. ఆ మనిషికి ఎక్కడో పేరు, ఊరు ఉన్నాయని తెలిసినట్టే. మాట రాని, మతి లేని చాలామంది ఇళ్లు ఈ దారిలోనే దొరికాయి. ఓటు కూడా ఇప్పించవచ్చు. ఇల్లు లేనివాళ్లు ఓటరు నమోదు కాగితం ఫారం 6లో రాసిన చోట నిజంగా పడుకుంటున్నారో లేదో బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి ఎన్నికల ఉద్యోగి, రాత్రిపూట వచ్చి చూసి నమోదు చెయ్యాలి. ఆ తర్వాత బ్యాంకు ఖాతా, పింఛను, ఆరోగ్య కార్డు.

ఊరు చెప్పలేనివాళ్ల దగ్గర ఓపిగ్గా కూర్చోండి. ఒడియా, హిందీ, తమిళం వచ్చినవాళ్లను వెతికి తెచ్చుకోండి, స్టేషన్ కూలీల్లో, ఇటుక బట్టీల్లో దొరుకుతారు. ఊరి పేరు రాకపోయినా జాతర పేరు, ఏటి పేరు, బస్సు ఎక్కిన చోటు, బడి పంతులు పేరు వస్తాయి. ఒక్కో ముక్కా రాసుకుని ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చెయ్యండి. ఇల్లు దొరికిందని వెంటనే రైలెక్కించకండి. ఎందుకు వచ్చేశారో వాళ్ల నోటే వినండి. వెళ్లనంటే పంపొద్దు. వెళ్తానంటే తోడెళ్లి అప్పగించి, నెలకు సరిపడా మందులిచ్చి, ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు తీసుకుని, తర్వాత కూడా ఫోన్ చేస్తూ ఉండండి.

పని చెయ్యగలవాళ్లను వంటింట్లోనే ఉంచేసుకోవాలనిపిస్తుంది. జీతమిచ్చి పెట్టుకుంటే సరే. "ఇక్కడే తింటున్నారుగా" అని ఊరికే చేయించుకోకండి.

ఎవరైనా కన్నుమూస్తే స్టేషన్‌కు కబురు చెయ్యండి, పంచనామా కానివ్వండి, ఇంటివాళ్ల జాడ తెలిస్తే చివరి చూపుకి ఎదురుచూడండి. రిజిస్టరులో వాళ్లు కోరుకున్న పద్ధతిలోనే సాగనంపండి. మరణ ధ్రువపత్రం తీసి ఫైల్లో పెట్టండి. ఏళ్ల తర్వాత కూడా కొడుకో, కూతురో వెతుక్కుంటూ వస్తారు.

మీ ఇద్దరి సంగతి

వంటిల్లు ఆవిడకి, బ్యాంకు ఆయనకి అని పంచుకోవడం మన ఇళ్లలో అలవాటుగా జరిగిపోతుంది. అలా చెయ్యకండి. ఆరునెలలకోసారి పనులు మార్చుకోండి, ఇద్దరికీ అన్నీ తెలియాలి. కేంద్రంలోనే కాపురం పెట్టొద్దు. పక్క వీధిలో ఉండండి. పిల్లలుంటే వాళ్ల పరీక్షలు, జ్వరాలు కేంద్రం పనికి లొంగిపోకూడదు. పగలూ రాత్రీ కాపలాకి జీతానికి మనుషుల్ని పెట్టండి, ఎనిమిది గంటల చొప్పున ముగ్గురు. ఆడవాళ్ల విభాగంలో ముగ్గురూ ఆడవాళ్లే ఉండాలి.

మీ ఇద్దరిలో ఒకరికి ఇందులో ఆసక్తి లేకుండా, రెండోవారి కోసం ఒప్పుకుని ఉంటే, అద్దె అడ్వాన్సు ఇవ్వకముందే ఆ మాట బయటికి రానివ్వండి. అప్పుడు వారానికి రెండు రాత్రులు టీ ఫ్లాస్కుతో తిరగడం, ఉన్న కేంద్రానికి కాగితాల పనిలో సాయపడటం కూడా చాలా పెద్ద పనే.

మొదటి ఏడాది నిండాక ఒక వారం ఇద్దరూ ఊరు వదిలి వెళ్లండి. చెక్కు మీద సంతకం, ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత మూడో ట్రస్టీకి అప్పగించండి. తిరిగొచ్చాక ఆ ఏడు రోజుల రిజిస్టరు చదవండి. మీరు లేక ఏ పని ఆగిందో అక్కడ ఒక మనిషిని పెట్టుకుని, ఆ తర్వాతే పడకలు పది నుంచి ఇరవైకి పెంచండి.